పాత ఫోటో, పెళ్ళి వీడియో ఇచ్చి బొమ్మ వేయించుకోవడం: మొదటి నుంచి గోడకెక్కే దాకా

బొమ్మ చేతికొచ్చాక "అంతా బాగుంది గానీ అమ్మలా లేదు" అన్నారంటే, చాలాసార్లు తప్పు ఆర్టిస్టు చేతిలో ఉండదు. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి నలిగిన ఫోటో, ఆదరాబాదరాగా పెట్టిన గడువు, ఫోన్లో నోటిమాటగా చెప్పిన కోరికలు కలిసి పోలికను ముందే చెడగొట్టేస్తాయి. ఆర్టిస్టుకు మనిషి తెలియదు. మీరిచ్చిన కాగితంలో ఎంత ఉందో అంతే ఆయనకు కనిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా, ఆర్టిస్టుకు అడ్వాన్సు ఇవ్వకముందు మీ ఇంట్లోనే జరగాల్సిన పని గురించి ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది గడువు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు పెద్దకర్మ నాటికి పటం కావాలంటారు. పది పన్నెండు రోజుల్లో చేత్తో మంచి ఆయిల్ పెయింటింగ్ రాదు. వచ్చిందంటే అది ప్రింటు మీద రంగు పూసినదై ఉండొచ్చు. ఆ రోజుకు ఉన్న ఫోటోనే శుభ్రం చేయించి పెద్దది చేసి ఫ్రేము కట్టించండి. బొమ్మను సంవత్సరీకానికి అందేలా చెప్పండి. షష్టిపూర్తికో గృహప్రవేశానికో ఆయిల్ పెయింటింగ్ కావాలనుకుంటే కనీసం మూడు నెలల ముందు, పెన్సిల్ బొమ్మయితే నెల ముందు మొదలుపెట్టాలి.

రెండోది, ఆ పటానికి బొట్టు పెట్టి దండ వేస్తారా లేదా. వేస్తారనుకుంటే పైన అద్దం ఉండి తీరాలి. ఆయిల్ పెయింటింగును మామూలుగా అద్దం లేకుండానే తగిలిస్తారు. దాని మీద ప్రతి శుక్రవారం తడి గంధం, కుంకుమ పెడితే ఆ మరక రంగులోకి దిగుతుంది. పూజ గదికి లేదా దండ పడే గోడకు, అద్దం కింద ఉండే పెన్సిల్, వాటర్‌కలర్, మంచి ప్రింటు నయం. ఆయిల్ హాల్లోకి పెట్టుకోండి.

మూడోది సైజు. న్యూస్‌పేపర్లు అతికించి ఆ సైజులో గోడకు పెట్టి, కూర్చునే చోటు నుంచి చూడండి. పెద్దవాళ్ళ తల గడ్డం నుంచి నడినెత్తి దాకా సుమారు 9 అంగుళాలు ఉంటుంది. బొమ్మలో తల అంతకన్నా పెద్దదైతే గదిలోకి వచ్చినవాళ్ళ మీదికి వస్తున్నట్టు ఉంటుంది, కాస్త చిన్నదైతేనే కుదురుగా కనిపిస్తుంది. ఒక్క మనిషి ఛాతీ దాకా ఉన్న బొమ్మకు 16×20 లేదా 18×24 అంగుళాలు చాలు. కుటుంబమంతా కావాలంటే ఒక్కో ముఖానికి కనీసం రెండున్నర, మూడు అంగుళాలు దక్కేలా లెక్క వేయండి. ఎ4 కాగితం మీద ఏడుగురిని వేయమంటే ముఖాలు గోళీలంత అవుతాయి, అందులో పోలిక ఎవరూ తేలేరు. విదేశాల్లో ఉన్నవాళ్ళు అక్కడ రెడీమేడ్ ఫ్రేములు దొరికే 16×20, 18×24, 24×36 సైజుల్లోనే వేయించుకుంటే తర్వాత ఖర్చు చాలా తగ్గుతుంది.

ఫోటో ఎంచుకోవడం

అందరికీ నచ్చిన ఫోటో వేరు, బొమ్మకు పనికొచ్చే ఫోటో వేరు. బొమ్మకు కావలసింది వెలుగునీడలు తెలిసే ముఖం. వరండాలో, కిటికీ పక్కన, ఒక వైపు నుంచి వెలుగు పడ్డప్పుడు తీసిన ఫోటోలో ముక్కు ఎత్తు, చెంప పల్లం, కంటి గుంట తెలుస్తాయి. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన ఫోటోలో ముఖం చదునైపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో తీసినదాంట్లో కళ్ళు నల్లటి గుంటలైపోతాయి.

సెల్ఫీలు వాడకపోవడం మంచిది. చెయ్యి చాపినంత దూరంలో తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, ముఖం సన్నగా కనిపిస్తుంది. ఐదారు అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోలోనే మనం రోజూ చూసే ముఖం ఉంటుంది. గ్రూప్ ఫోటోల్లో రెండు చివర్లా నిలబడ్డవాళ్ళ తలలు పక్కలకు సాగి ఉంటాయి, మధ్యలో ఉన్నవాళ్ళవే నమ్మదగ్గవి.

ఇంకో చిక్కు తిరగబడ్డ ఫోటోలు. చాలా ఫోన్లలో ముందు కెమెరా అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటుంది. పాత నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేసిన సందర్భాలూ ఉంటాయి. పవిట ఎడమ భుజం మీద ఉందా, చొక్కా గుండీలు ఏ వైపు, పాపిడి ఎటు, ముక్కుపుడక ఏ వైపు, పుట్టుమచ్చ ఎక్కడ, ఇవన్నీ రెండు మూడు ఫోటోల్లో పోల్చి చూడండి. తిరగబడ్డ ముఖాన్ని చూసి ఇంట్లోవాళ్ళు "ఏదో తేడాగా ఉంది" అంటారు గానీ, ఏం తేడానో చెప్పలేరు.

ఫోటోలో ముఖం ఎన్ని పిక్సెల్లు ఉందో కొలవాలి. ఫోటో మొత్తం ఎన్ని మెగాపిక్సెళ్ళన్నది ఇక్కడ అక్కర్లేదు. కంప్యూటర్లో ఫోటో తెరిచి, గడ్డం నుంచి నుదుటి పైదాకా క్రాప్ చేస్తే ఎత్తు ఎంతో చూపిస్తుంది. వెయ్యి దాటితే నిశ్చింత. ఐదు వందలుంటే పెన్సిల్‌కు, వాటర్‌కలర్‌కు సరిపోతుంది. రెండు వందల లోపైతే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. భంగిమకు దాన్ని వాడి, కళ్ళు, నోటికి తోడుగా వేరే ఫోటో వెతకాలి.

ఫోటోలే లేవనుకునే ఇళ్ళలో కూడా వెతికితే దొరుకుతాయి. పెన్షన్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు, పాత పాస్‌పోర్టు, ఉద్యోగం చేసినవాళ్ళయితే సర్వీసు రిజిస్టరు, చుట్టాల పెళ్ళి ఆల్బంలు చూడండి. రేషన్ కార్డు మీద ముద్రించిన ఫోటో కన్నా, ఆ రోజుల్లో స్టూడియోలో తీయించి మిగిలిన పాస్‌పోర్ట్ సైజు కాపీ వెయ్యి రెట్లు నయం. ఊళ్ళో ఆ పాత స్టూడియో ఇంకా ఉంటే నెగెటివ్ దాచారేమో అడగండి. ప్రింటులో లేని వివరం నెగెటివ్‌లో ఉంటుంది.

స్కానింగ్

4×6 అంగుళాల ప్రింటును 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600 పిక్సెల్లు వస్తాయి. పాస్‌పోర్ట్ సైజుకు 1200 డీపీఐ పెట్టండి. 35 మి.మీ. నెగెటివ్‌కు 2400 నుంచి 3200, అదీ నెగెటివ్‌లు స్కాన్ చేయగల స్కానర్లో. ఫైలు టిఫ్ గానీ, బాగా నాణ్యత పెట్టిన జేపెగ్ గానీ. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్ మోడ్‌లోనే చేయించాలి. పసుపు పచ్చబడ్డ మరకలను తర్వాత విడదీయడానికి ఆ రంగు సమాచారమే పనికొస్తుంది. జిరాక్స్ షాపు కుర్రాడు అలవాటుగా ఆన్ చేసే "ఆటో కరెక్షన్", మచ్చలు పోగొట్టే ఆప్షన్ ఆపేయమనండి. అవి కనుబొమల వెంట్రుకలను కూడా మచ్చలనుకుని చెరిపేస్తాయి.

అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకకండి. తేమకు ఫోటో పైపొర అద్దానికి అంటుకుంటుంది, లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించండి. 1980లు, 90ల నాటి గరుకు కాగితం ప్రింట్లలో స్కాన్ చేస్తే తేనెపట్టులాంటి గళ్ళు మెరుస్తూ వస్తాయి. అలాంటివాటిని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా తిప్పి రెండుసార్లు స్కాన్ చేసి రెండూ ఇవ్వండి.

స్కానర్ దొరక్కపోతే ఫోన్‌తోనే, కిటికీ దగ్గర నీడపట్టున, ఫ్లాష్ లేకుండా తీయండి. ఫోటోను గోడకు ఆనించి, ఫోన్‌ను దానికి సరిగ్గా సమాంతరంగా పట్టుకుని, కొంచెం వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేయండి. దగ్గరికెళ్ళి తీస్తే అంచులు వంగుతాయి. ఆర్టిస్టుకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదా గూగుల్ డ్రైవ్ లింక్ ఇవ్వండి. హెచ్‌డీ అని పెట్టినా వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది.

వీడియోలోంచి బొమ్మ తీయడం

కొందరు పెద్దవాళ్ళు ఫోటోలో బిగుసుకుపోతారు, వీడియోలో మాత్రం మామూలుగా నవ్వుతూ ఉంటారు. అందుకే వీడియో వెతకడం మంచిదే. కాకపోతే వీడియోలో ఎంత వివరం ఉంటుందో ముందే తెలుసుకోవాలి.

ఫుల్ హెచ్‌డీ వీడియో ఫ్రేము 1920×1080, అంటే సుమారు రెండు మెగాపిక్సెల్లు. 4కె అయితే 3840×2160, ఎనిమిది పైచిలుకు. మన డీవీడీ 720×576. 1990ల చివర, 2000ల మొదట్లో పెళ్ళి కేసెట్లను దింపిచ్చిన వీసీడీలు 352×288 మాత్రమే. మనిషి తలలాంటివి ఏడున్నర పేరిస్తే నిలువెత్తు మనిషి అవుతాడు. ఈ లెక్కన ఫుల్ హెచ్‌డీ తెరలో నిలువెత్తు కనిపించే మనిషి తల 144 పిక్సెళ్ళు, వీసీడీలో 38. ఆ ముప్పై ఎనిమిదింటిలో కన్ను రెండు మూడు చుక్కలు. ఏ ఆర్టిస్టయినా దాన్నుంచి కన్ను వేస్తే అది ఊహించి వేసినదే. కాబట్టి ముఖం దగ్గరగా చూపించిన చోటే వెతకాలి. పెళ్ళి వీడియోల్లో అక్షింతలు వేసేటప్పుడు, బంతి భోజనాల దగ్గర, కెమెరామన్ ముఖాల మీదికి జూమ్ చేస్తూ వెళతాడు.

వీసీడీతో సరిపెట్టుకోకండి. అసలు వీహెచ్ఎస్ కేసెట్టు అటక మీద ఉంటే దాన్ని మళ్ళీ డిజిటల్ చేయించండి. కేసెట్టుకుండే చిన్న కిటికీలోంచి టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఇంట్లో ప్లేయర్లో వేయొద్దు. బూజు ప్లేయర్ హెడ్‌కు పట్టి, మిగతా కేసెట్లకు కూడా అంటుకుంటుంది. శుభ్రం చేసి ఎక్కించే షాపుకే ఇవ్వాలి.

ఫ్రేము తీయడానికి కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ చాలు. కావలసిన చోట ఆపి, ఇ అక్షరం నొక్కుతూ ఉంటే ఒక్కో ఫ్రేము ముందుకు కదులుతుంది. విండోస్‌లో షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే ఆ ఫ్రేము పూర్తి సైజులో సేవ్ అవుతుంది. టీవీలో ఆపి ఫోన్‌తో ఫోటో తీస్తే చారలు, మెరుపులు వస్తాయి, రంగులూ మారిపోతాయి.

కదిలే వస్తువుల అంచుల్లో దువ్వెన పళ్ళలా అడ్డగీతలు కనిపిస్తే అది పాత వీడియో పద్ధతి వల్ల. వీఎల్‌సీలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి, లేదా మనిషి కదలకుండా ఉన్న ఫ్రేము పట్టండి. మన పాత వీడియోల్లో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. రెప్ప పడి లేచేలోపే కొన్ని ఫ్రేములు వెళ్ళిపోతాయి, కాబట్టి ఒక నవ్వుకు ముందూ వెనకా ఇరవై ముప్ఫై ఫ్రేములు తీసి పెట్టుకోండి. నవ్వు పూర్తిగా విచ్చుకున్న క్షణం కన్నా, నవ్వి ఆగుతున్న క్షణం బొమ్మకు బాగుంటుంది. అప్పటికి కదలిక తగ్గి కళ్ళు తేటగా ఉంటాయి, పళ్ళు మరీ బయటపడవు. పళ్ళు కనిపించే నవ్వు బొమ్మలో తేవడం చాలా కష్టం, పంటికీ పంటికీ మధ్య గీత కాస్త ముదిరినా మనిషికి పదేళ్ళు మీద పడతాయి.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది, సాగదీత. పాత వీడియో 4:3 కొలతది. దాన్ని డిజిటల్ చేసిన షాపువాళ్ళు ఇప్పటి టీవీ నిండేలా 16:9కు సాగదీస్తే ముఖాల వెడల్పు మూడో వంతు పెరిగిపోతుంది. 720×576 ఫైలును ఉన్నదున్నట్టు ఫోటోగా మారిస్తే కొంచెం సన్నబడతాయి, దాని సరైన కొలత 768×576. వీడియోలో గోడ గడియారమో, ఎదురుగా ఉన్న మనిషి గుండ్రటి బొట్టో నిజంగా గుండ్రంగా ఉందేమో చూడండి. కోడిగుడ్డులా ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి. ఈ ఒక్కటీ చూడకపోతే, ఆర్టిస్టు ఎంత బాగా వేసినా ఆ బొమ్మ మీ నాన్నగారి లావాటి అన్నయ్యలా ఉంటుంది.

మసక ఫోటోను ఏఐ యాప్‌లో వేసి పదును పెట్టడం ఇప్పుడు అందరికీ అలవాటు. దుస్తులకు, బ్యాక్‌గ్రౌండుకు అభ్యంతరం లేదు. ముఖం సంగతి అలా కాదు. యాప్‌కు మీ తాతగారు తెలియదు, తాను చూసిన లక్షల ముఖాల్లోంచి సగటు కన్ను, సగటు పెదవి తెచ్చి అతికిస్తుంది. ఫలితం శుభ్రంగా ఉంటుంది, పరాయి మనిషిలా ఉంటుంది. అలాంటి ఫైలు పంపేట్టయితే అసలు మసక ఫోటోను కూడా పంపి, ముఖానికి ఏది ఆధారమో స్పష్టంగా చెప్పండి.

ఇద్దరినీ ఒకే బొమ్మలో కలపాలంటే

తాత, నానమ్మ కలిసి దిగిన ఫోటో లేదు, కలిపి వేయండి. ఆర్టిస్టుల దగ్గరికి ఎక్కువగా వచ్చే కోరికల్లో ఇదొకటి. చెడిపోయేదీ ఇక్కడే. రెండు ఫోటోల్లో ముక్కు నీడ ఒకే వైపు పడాలి, కెమెరా దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి, తలలు ఎదురుబొదురు తిరిగి ఉండకూడదు. ఒకరికి ఫ్లాష్ వెలుగు, ఇంకొకరికి ఎండ వెలుగు ఉంటే అతికించినట్టే కనిపిస్తారు. కుదరకపోతే రంగుల బొమ్మ మానేసి పెన్సిల్‌కు వెళ్ళండి. రంగు తేడా పోతుంది కాబట్టి సగం చిక్కు తీరుతుంది.

వయసు కూడా తేల్చుకోవాలి. ఆయన నలభై ఏళ్ళకే పోయి, ఆవిడ డెబ్బై దాకా ఉంటే, ఆ ఇద్దరి ఫోటోలు పక్కపక్కన పెడితే తల్లీకొడుకుల్లా ఉంటారు. ఆవిడ నడివయసు ఫోటో కోసం వెతకండి. భర్త పోయాక తీసిన ఫోటోలో బొట్టు, నల్లపూసలు లేకపోతే, బొమ్మలో పెట్టాలా వద్దా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆర్టిస్టు తనంతట తాను పెట్టేసినా గొడవే, పెట్టకపోయినా గొడవే.

అంచనాకు ముందు ఆర్టిస్టును కంప్యూటర్లో చేసిన నమూనా కూర్పు అడగండి. కొందరు దానికి విడిగా డబ్బు తీసుకుంటారు, అది న్యాయమే.

దేనితో వేయించాలి

పెన్సిల్, చార్‌కోల్: నలుపు తెలుపు పాత ఫోటోలకు ఇంతకన్నా అనువైనది లేదు. ఖర్చూ తక్కువ. చార్‌కోల్ చెయ్యి తగిలితే చెరుగుతుంది, చెరగకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టి, అద్దం తగలకుండా ఫ్రేము కట్టాలి. కాగితం యాసిడ్ లేనిదై ఉండాలి, లేకపోతే కొన్నేళ్ళకు పచ్చబడుతుంది.

వాటర్‌కలర్: పిల్లల బొమ్మలకు, ఇంటి బొమ్మలకు అందం. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్ కాగితం అడగండి. రంగు పడ్డాక దిద్దుబాటు దాదాపు అసాధ్యం, రంగు వేయకముందు, గీత దశలోనే అన్నీ ఒప్పుకోవాలి. ఎండ పడే గోడకు పనికిరాదు.

అక్రిలిక్ గంటలోపే ఆరుతుంది, ఆరాక రంగు కొంచెం ముదురుతుంది. ఆయిల్‌లో చర్మం రంగు మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది, ముఖాలకు దానిదే పైచేయి. తాకితే అంటకుండా ఆరడానికే వారం రెండు వారాలు, మందంగా వేస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. సంప్రదాయ వార్నిష్ ఆరు నెలలాగాక వేయాలి. వార్నిష్ పేరు చెప్పి మొదటి వారమే మెరుగు పూసి ఇచ్చేశారంటే తొందరపడ్డారని అర్థం.

డిజిటల్ పెయింటింగ్ తక్కువదేం కాదు, మార్పులు సులువు, ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. కాకపోతే డిజిటల్ అని చెప్పి అమ్మాలి. ఫోటోను కాన్వాస్ మీద ప్రింటు తీసి, పైన పారదర్శకమైన జెల్‌తో కుంచె గీతలు పెట్టి "హ్యాండ్‌మేడ్ ఆయిల్" అని అమ్మేవాళ్ళుంటారు. భూతద్దం పెట్టి చూడండి. రంగు కింద సన్నటి ఇంకు చుక్కలు కనిపించినా, కుంచె గీతలు ముక్కు, చెంప ఆకారాన్ని పట్టించుకోకుండా అడ్డదిడ్డంగా పోయినా అది ప్రింటే.

చేర్యాల నకాషీ, శ్రీకాళహస్తి కలంకారీ శైలుల్లో కుటుంబాన్ని వేయించుకోవాలన్న సరదా ఉంటే మంచిదే, కానీ ఆ సంప్రదాయాల్లో ముఖాలకు ఒక వరస ఉంటుంది, అచ్చు పోలిక వాటి పని కాదు. అక్కడ మనిషిని గుర్తుపట్టించేది వస్తువులు: తాతగారి సైకిలు, నానమ్మ తిరగలి, ఇంటి ముందు వేపచెట్టు. అవి ఫోటోలతో సహా ఇవ్వండి.

ఆర్టిస్టును ఎంచుకోవడం

హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగాల్లో చదివినవాళ్ళు పోర్ట్రెయిట్ ఆర్డర్లు తీసుకుంటుంటారు. డిగ్రీలు లేకుండా అద్భుతంగా వేసేవాళ్ళూ ప్రతి జిల్లాలో ఉన్నారు. ఎవరైనా సరే, అడగాల్సింది ఒక్కటే: వేసిన బొమ్మ, దానికి ఆధారమైన ఫోటో పక్కపక్కన పెట్టి ఐదారు చూపించమనండి. సినిమా హీరోల బొమ్మలు లెక్కలోకి తీసుకోకండి. ఆ ముఖాలు మనకు ఎంత అలవాటంటే నాలుగు గీతలు కలిస్తే చాలు గుర్తుపట్టేస్తాం. ముసలివాళ్ళ ముఖాలు, చామనఛాయ చర్మం ఎలా వేశారో చూడండి. చెంపలు గులాబీ రంగులో మెరుస్తుంటే మీ ఇంటివాళ్ళనూ అలాగే తెల్లబరుస్తారు. పంపిన నమూనాలను గూగుల్ లెన్స్‌లో వెతికితే అవి వేరేవాళ్ళ బొమ్మలైతే బయటపడుతుంది.

కోరికలన్నీ ఒకే కాగితం మీద

ఫోన్లో పదిసార్లు మాట్లాడినా, చివరికి ఒక్క మెసేజ్‌లో అన్నీ రాసి, "ఒప్పుకుంటున్నాను" అన్న జవాబు తీసుకోండి. ఇలా:

"సైజు 18×24 అంగుళాలు, నిలువు. కాన్వాస్ మీద ఆయిల్. నానమ్మ ఒక్కరే, ఛాతీ దాకా, చేతులు వద్దు. ముఖానికి ఆధారం 1వ ఫోటో మాత్రమే. జుట్టు, పాపిడికి 2వ ఫోటో. చీర 3వ ఫోటో, అదే చీరను పగటి వెలుగులో తీసింది. రంగు దీని ప్రకారమే. పవిట ఎడమ భుజం మీద. బొట్టు ఎర్ర కుంకుమ, చిటికెన వేలి గోరంత. ముక్కుపుడక కుడి వైపు, తెల్లరాయి. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంచాలి. నుదుటి ముడతలు ఉంచాలి, గడ్డం కింద గాటు తీసేయాలి. చామనఛాయ, తెల్లబరచొద్దు. వెనక ముదురు ఆకుపచ్చ, ఖాళీగా. గీత దశలో, మొదటి రంగు దశలో, చివర ఫోటోలు పంపాలి. కాన్వాస్ నాలుగు వైపులా రెండంగుళాలు ఎక్కువ వదలాలి."

ఆ చివరి వాక్యాన్ని చాలామంది రాయరు. అంచు వదలకపోతే చెక్క ఫ్రేముకు బిగించేటప్పుడు బొమ్మలోంచే రెండంగుళాలు వెనక్కి పోతుంది. కొలతలో ఇంకో మెలిక, మామూలు కెమెరా ఫోటో 3:2, 18×24 కాన్వాస్ 4:3. ఏ పక్క కోస్తారో, లేదా ఎక్కడ బ్యాక్‌గ్రౌండ్ పెంచుతారో ముందే అడగాలి.

నలుపు తెలుపు ఫోటోకు రంగులు కావాలంటే అప్పటి చీర బీరువాలో ఉందేమో చూడండి. లేకపోతే రంగు తెలిసిన పెద్దవాళ్ళను అడిగి "అరటిపండు పసుపు, మెరూన్ అంచు" అన్నంత వివరంగా రాయండి. నల్లగా కనిపించేదంతా నలుపు కాదు, ముదురు ఎరుపు కూడా పాత ఫిల్ములో నల్లగానే పడుతుంది.

డబ్బు, దశలు

ధర ముఖాల సంఖ్య, సైజు, మాధ్యమం, చేతులు, బ్యాక్‌గ్రౌండ్ మీద ఉంటుంది. చేతులు వేయడం ముఖమంత పని, అవి తీసేస్తే ధర తగ్గుతుంది. చెప్పిన ధరలో ఫ్రేము, కొరియర్, పన్ను కలిశాయా అడగండి. అడ్వాన్సు సగానికి మించొద్దు. మొదట మూడో వంతు, గీత ఒప్పుకున్నాక మూడో వంతు, చివరి ఫోటో చూశాక మిగతాది ఇస్తే ఇద్దరికీ భయం ఉండదు. గీత దశలో తల కోణం, కళ్ళ మధ్య దూరం, చీర కుచ్చిళ్ళు ఏవైనా మార్చవచ్చు. రంగు సగం పడ్డాక చీర రంగు, బ్యాక్‌గ్రౌండ్ మార్చవచ్చు. అంతా అయ్యాక తల కొంచెం పక్కకు తిప్పమంటే అది కొత్త బొమ్మ, కొత్త డబ్బు. ఇందులో ఆర్టిస్టుదే న్యాయం.

పోలిక చూడటం

దశ దశకూ వచ్చే ఫోటోను కుటుంబం గ్రూపులో పెట్టకండి. ఇరవై మంది ఇరవై మాటలంటారు, అవన్నీ పాటిస్తే ఎవరి ముఖమూ మిగలదు. మనిషిని బాగా తెలిసిన ఇద్దరు చాలు.

ఆర్టిస్టును బొమ్మకు ఎదురుగా నిలబడి, పగటి వెలుగులో, బ్యూటీ ఫిల్టర్ లేకుండా ఫోటో తీయమనండి. పక్క నుంచి తీస్తే పోలిక తప్పినట్టే ఉంటుంది. తర్వాత అసలు ఫోటోను, బొమ్మను ఒకే సైజుకు తెచ్చి పక్కపక్కన పెట్టి, రెండింటినీ తలకిందులు చేసి చూడండి. మనిషి కనిపించడం మానేసి ఆకారాలు కనిపిస్తాయి, తేడా వెంటనే దొరుకుతుంది. అద్దంలో తిప్పి చూసినా అంతే. రెండు కళ్ళ లోపలి మూలల మధ్య దూరం, ముక్కు కింద నుంచి పై పెదవి దాకా దూరం, నోటి మూలలు కంటి నల్లగుడ్డుకు ఎంత లోపల ఉన్నాయి, ఈ మూడూ సరిగ్గా ఉంటే పోలిక చాలావరకు వచ్చేసినట్టే.

చెప్పేటప్పుడు "ఆవిడలా లేదు" అంటే ఆర్టిస్టు ఏం దిద్దాలి? "ఎడమ కంటి పై రెప్ప ఇంకొంచెం కిందికి వాలాలి", "పై పెదవి పలచగా ఉండాలి" అని చెప్పండి. ఫోటో మీద ఎర్ర గీతతో గుర్తు పెట్టి పంపితే ఇంకా మంచిది.

హక్కుల సంగతి క్లుప్తంగా

మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు చేయించుకున్నవాళ్ళే. పెళ్ళి ఫోటోగ్రాఫర్ కాగితంలో వేరేలా రాసి ఉందేమో చూసుకోండి. అమెరికాలో మామూలుగా ఇది తిరగబడి ఉంటుంది, ఫోటో హక్కు ఫోటోగ్రాఫర్‌ది, బొమ్మ హక్కు ఆర్టిస్టుది. అక్కడ తీయించుకున్న ఫోటో అయితే ఒక ఈమెయిల్‌లో అనుమతి తీసుకోండి. పిల్లల బొమ్మలు ఆర్టిస్టు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదనుకుంటే అది కూడా పైన చెప్పిన మెసేజ్‌లోనే రాయాలి.

పంపడం, ఫ్రేము, గోడ

దూరం పంపాలంటే ఆరిన కాన్వాస్‌ను రంగు బయటి వైపు ఉండేలా, మధ్యలో బటర్ పేపర్ పెట్టి, కనీసం నాలుగంగుళాల పీవీసీ గొట్టం మీద వదులుగా చుట్టి, అంతకన్నా పెద్ద గొట్టంలో పెట్టి రెండు చివరలా మూత వేయాలి. రంగు లోపలికి పెట్టి బిగించి చుడితే ముడతలు, పగుళ్ళు వస్తాయి. బబుల్ ర్యాప్ నేరుగా రంగుకు తగిలితే గుండ్రటి అచ్చులు పడతాయి. విదేశాలకైతే కస్టమ్స్ కాగితంలో "చేత్తో వేసిన పెయింటింగ్", 9701 శీర్షిక (కస్టమ్స్ జాబితాలో అలాంటి పెయింటింగుల నంబరు) అని రాయించండి. ఫ్రేము అక్కడే కట్టించుకోండి. ఫ్రేముతోనే పంపాల్సి వస్తే అద్దం బదులు అక్రిలిక్ షీటు వేయించాలి.

ఫ్రేము షాపులో కాగితం బొమ్మను లామినేట్ చేయనివ్వకండి. ఒకసారి చేస్తే మళ్ళీ విడదీయలేరు. బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) మందమంత ఖాళీ ఉండాలి, లేకపోతే వానాకాలపు తేమకు అతుక్కుని, పైన చెప్పిన పాత ఫోటో గతే పడుతుంది. గోడకు కూడా ఆనకుండా, ఫ్రేము కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు బుడిపెలు అంటించమనండి. బాత్రూము ఆనుకున్న గోడ, వానకు చెమర్చే పడమటి గోడ వద్దు. వెనక పెన్సిల్‌తో పేరు, సంవత్సరం, ఏ రంగులతో వేశారో రాయించండి.

దండ కోసం పటానికి పైన గోడకు విడిగా మేకు కొట్టండి. ఫ్రేముకే దండ తగిలిస్తే పూల నీరు కారి చెక్క, మౌంటు బోర్డు రెండూ ఉబ్బుతాయి. అగరబత్తి పటానికి నేరుగా కింద కాకుండా ఒక మూరెడు పక్కన వెలిగించండి, రంగుబల్బుల దండ వేసేట్టయితే వేడెక్కని ఎల్ఈడీదే వాడండి. అద్దం తుడిచేటప్పుడు కొలీన్ లాంటిది గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి గానీ, అద్దం మీద కొట్టకూడదు. కారిన నీరు ఫ్రేము కింది గాడిలోంచి కాగితానికి ఎక్కుతుంది. అద్దం లేని ఆయిల్ పెయింటింగుకు తడిగుడ్డ తగలనివ్వకుండా, మెత్తటి పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.